తొడ మీద ముద్ర, మూకుట్లో కార్జం

పోయిన నెల ఆటోనగర్‌లో ఒకరింటికి భోజనానికి వెళ్లి గొడవ పెట్టుకుని వచ్చాను. గొడవ కార్జం వేపుడు గురించి. ఈ వయసులో తిండి దగ్గర అంత కోపమేమిటని మా ఆవిడ దారి పొడుగునా సణుగుతూనే ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినప్పుడు ఇంకా గట్టిగా సణిగింది. నేను పశువుల డాక్టర్నని, ఉద్యోగంలో సగం కాలం కబేళాల్లో కార్జాలు చూస్తూ గడిపానని, ఈ కోపం ఆ పూట పుట్టింది కాదని ఆవిడకి తెలియక కాదు. వాళ్లు మళ్లీ పిలవరని ఆవిడ బాధ.

ఆ ఇంటాయన పేరు రమేష్. స్పేర్ పార్ట్స్ వ్యాపారం. అతని తల్లి అనసూయమ్మ గారు నాకు బాగా తెలిసిన మనిషి. ఇప్పుడు లేరు. ఆవిడ సంగతి తర్వాత చెప్తాను, ఈ రాతంతా చివరికి ఆవిడ దగ్గరికే వెళ్తుంది. రమేష్ కూతురు హారిక వెటర్నరీ చదివి సర్కారు ఉద్యోగం తెచ్చుకుంది. ఆ సంతోషానికే భోజనం. డాక్టరు గారు వస్తున్నారని కార్జం ప్రత్యేకంగా చేయించారు. నల్లగా గులకరాళ్లలా ఉన్న ముక్కలు నా కంచంలో పడ్డాయి. కొరికితే పన్ను దిగలేదు. రెండో పక్కకి తిప్పి కొరికాను. లోపలంతా సుద్దముక్కలా పొడిపొడి.

"ఎట్టా ఉందండీ?" అని రమేష్ అడిగాడు. "నీచు వాసన రాకుండా కుక్కర్లో ఆరు విజిల్స్ రానిచ్చి, ఆ తర్వాత బాగా వేయించాం."

చెప్పు తోలులా ఉందన్నాను. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. అనసూయమ్మ గారి చేతి కార్జం ఏళ్ల తరబడి తిన్నవాడివి, ఒక్కనాడన్నా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి చూశావా అని అడిగాను. అతను నవ్వేసి, తినడమే గానీ వంటింట్లోకి మేమెప్పుడు వెళ్లామండీ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి తన జన్మలో సంపాదించిన తెలివిని కన్నకొడుకు అన్నంలో కలుపుకుని తినేసి మూతి తుడుచుకున్నాడు. ఆ మాటా అనేశాను. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది.

మేం బయల్దేరుతుంటే హారిక గేటు దాకా వచ్చింది. "తాతగారూ, నాకు కబేళా డ్యూటీ కూడా పడుతుందంటున్నారు. అక్కడ అసలు ఏం చెయ్యాలి?" అని అడిగింది. కాలేజీలో చెప్పలేదా అంటే, ఒకసారి తీసుకెళ్లి దూరం నుంచి చూపించారట. ముక్కుకి రుమాలు కట్టుకుని వెనక్కి వచ్చేశారట. ఆ అమ్మాయి కోసం, ఆ అమ్మాయిలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లూ సన్మానాలూ ఇందులో ఉండవు. కార్జమే ఉంటుంది.

కైకలూరు వైపు

నా మొదటి ఉద్యోగం కైకలూరు వైపు ఒక పల్లెలో. చుట్టూ కాలవలు, చేపల చెరువులు, కోతలయ్యాక కూడా తడి ఆరని పొలాలు. ఆ తడిలో నత్తలు. ఆ నత్తల్లో పెరిగిన పురుగు గడ్డిని అంటుకుని, గడ్డితోపాటు గొర్రె కడుపులోకి వెళ్లి, అక్కణ్నుంచి కార్జంలో చేరి కాపురం పెడుతుంది. దాన్ని కార్జపు జలగ అంటాం. ఎదిగాక వేపాకులా చదునుగా ఉంటుంది. డెల్టాలో పనిచెయ్యబోయే డాక్టరు ఇంకేం మర్చిపోయినా దీన్ని మర్చిపోకూడదు.

రోగం ముదిరితే గొర్రెకి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. ముందుగా మందు పోస్తే బతుకుతుంది. నేను పోద్దామంటే మందు ఉండేది కాదు. వానలకు ముందు కావాలని అడిగితే కోతలయ్యాక పంపేవారు. వాపు కనపడ్డాక కాపరి నా దగ్గరికి ఎందుకొస్తాడు? ఆ సాయంత్రమే గొర్రెని కసాయికి అమ్మేసేవాడు. అతన్ని నేనేమీ అనలేకపోయాను. మందు సమయానికి పంపనివాళ్లని మాత్రం ఇప్పటికీ అంటూనే ఉన్నాను.

చచ్చిన గొర్రెలను కోసి కోసి నా వేళ్లకి కార్జం అలవాటైంది. మంచి కార్జం నున్నగా మెరుస్తుంది, అంచు పలచగా ఉంటుంది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగుతుంది, కాస్త బలం పెడితే చిట్లుతుంది. జలగ పట్టిన కార్జం అంచు లావుగా, గుండ్రంగా తిరిగి ఉంటుంది. పైన తెల్లటి చారలు ఉంటాయి. నొక్కితే లోపల గొట్టాలు గట్టిగా, నులక మంచం తాళ్ల మీద చెయ్యి పెట్టినట్టు తగులుతాయి. పుస్తకంలో దీనికి బొమ్మలున్నాయి. బొమ్మలతో పని జరగదు. వంద కార్జాలు నొక్కి చూడాలి, అప్పుడు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

వంట నేర్చుకున్నదీ అక్కడే. పెళ్లి కాలేదు, ఊళ్లో హోటలు లేదు. మొదట్లో నేను వండిన కార్జమూ రమేష్ ఇంటి కార్జంలాగే ఉండేది. చేతిలో అంత మెత్తగా ఉన్నది పొయ్యి ఎక్కగానే రాయి ఎందుకవుతుందో తెలిసేది కాదు. ఇంకా ఉడకలేదేమో అనుకుని ఇంకాసేపు ఉంచేవాణ్ని, ఇంకా గట్టిపడేది. కడుపు మండి ఒక ఆదివారం ఒక్కో ముక్కనూ విడివిడిగా వేయించి, ఒకదాని తర్వాత ఒకటి తీసి తిన్నాను. తొందరగా తీసిన ముక్క మెత్తగా ఉంది, ఆలస్యంగా తీసింది గట్టిగా ఉంది. అంతే సంగతి. మాంసం ఉడికేకొద్దీ మెత్తబడుతుంది, కార్జం ఉడికేకొద్దీ బిగుసుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే కుక్కర్లో వేసి మూతపెట్టే మనుషులను నేను ఈ డెల్టా మొత్తం మీద చూశాను, చదువుకున్నవాళ్లనూ చదువుకోనివాళ్లనూ.

పెద్దసారు

తర్వాత కొన్నాళ్లకి నన్ను డెల్టాలోనే ఒక పట్నానికి కబేళా పని మీద వేశారు. ఏ ఊరో రాయను. హనుమాన్ జంక్షన్ మీదుగా లారీల్లో వచ్చిన గొర్రెలూ పొట్టేళ్లూ తెల్లారకముందే అక్కడ దిగేవి. కోసిన ప్రతిదాన్నీ డాక్టరు చూడాలి. మాంసం పనికొస్తే తొడ మీద ముద్ర వెయ్యాలి. కార్జం, గుండె, ఊపిరితిత్తులు విడిగా చూసి పాడైనవాటిని పక్కకి తీసెయ్యాలి. నేల మీద నెత్తురు, గాల్లో పేడ వాసన, కసాయిల తొందర, వీటి మధ్య ప్రతి కార్జాన్నీ చేత్తో పట్టుకుని నొక్కి చూడాలంటే ఓపిక ఉండాలి.

నా పై అధికారిని పెద్దసారు అందాం. ఆయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవాడు. ముద్ర పట్టుకున్న మనిషి వరసగా తొడల మీద కొట్టుకుంటూ పోయేవాడు. కార్జాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. మొదటి రోజు నేను నొక్కి చూసి పక్కన పడేసిన కార్జాలు ఒక కుప్పయ్యాయి. పెద్దసారు పేపరు మడిచి లేచి వచ్చాడు. తింటే చస్తారా అని అడిగాడు. చావరని చెప్పాను. అది నిజం కూడా. కార్జంలో ఉన్న జలగని వండుకుని తింటే మనిషికి ఆ రోగం అంటదు. అబద్ధం చెప్పి జనాన్ని భయపెట్టడం నాకు ఇష్టం లేదు, మీరూ ఆ పని చెయ్యకండి. పాడైపోయిన వస్తువుని మంచిదని అమ్మడం తప్పు, దానికి ఎవరూ చావనక్కర్లేదు.

నేను చావరనగానే ఆయన నవ్వాడు. "మరెందుకయ్యా పారేస్తావు? లివర్ని ఎవడు చూస్తాడు? కుక్కర్లో అయిదు విజిల్స్ వస్తే మంచిదీ చెడ్డదీ అన్నీ ఒకటే."

ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ట్రాన్స్‌ఫర్ చేయిస్తామన్నారు, చేయించారు కూడా. అవేవీ నన్ను ఇంతగా బాధపెట్టలేదు. ఎందుకంటే ఆయన అన్నది నిజం. ఆ ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా మంచి కార్జమూ జలగ పట్టిన కార్జమూ కుక్కర్లోంచి ఒకేలా బయటికొస్తున్నాయి. రెండూ నల్లగా, రెండూ గట్టిగా. తినేవాడికి తేడా తెలిసే దారే లేదు. తేడా తెలియనప్పుడు పెద్దసారు చూడకుండా ముద్ర వేస్తే అడిగేవాడెవడు? నేను పొద్దున్నుంచీ నెత్తుట్లో నిలబడి ఏరి పారేసింది, ఏరకుండా వదిలేసినా ఎవరికీ పట్టదు. ఆయన ధైర్యమంతా జనం వంటింట్లో ఉంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆ నవ్వు అందుకే.

ఖాజా గారి కొట్టు

నేను సెలవులో ఉన్నప్పుడో, ఇంకోచోటికి పంపినప్పుడో పెద్దసారు మనిషే ముద్ర వేసేవాడు. ఆ రోజు కార్జాలన్నీ అలాగే కొట్లకి వెళ్లిపోయేవి. అందుకని కొట్లవాళ్లని బతిమాలుకున్నాను. కార్జాన్ని కోసి చూడండి, గొట్టాలు లావుగా ఉంటే అమ్మకండి అని. అందరూ తలూపారు. విన్నది ఒక్క ఖాజా గారే. ఆయనది బజారు చివర మటన్ కొట్టు. మాట తక్కువ మనిషి. తండ్రి నాటి కొట్టు, తండ్రి నాటి కత్తి.

మన వైపు ఆచారం మీకు తెలిసిందే. మాంసం తీసుకున్న ప్రతివాళ్లూ కొసరుగా కార్జం ముక్క వెయ్యమంటారు. వేస్తే మంచి కొట్టు, వెయ్యకపోతే పిసినారి కొట్టు. ఖాజా గారు పాడైన కార్జాలు పారేసేసరికి ఆయన దగ్గర కార్జం చాలేది కాదు. ఎదురుగా ఉన్న కొట్టువాడు అడిగినా అడక్కపోయినా పిడికెడు వేసేవాడు. జనం అటు మళ్లారు. ఖాజా గారి బల్ల ముందు ఈగలు తప్ప ఎవరూ లేని ఆదివారాలు మొదలయ్యాయి.

అట్లాంటి ఒక ఆదివారం నేను వెళ్లేసరికి అనసూయమ్మ గారు ఆయన్ని నిలబెట్టి కడుగుతున్నారు. అప్పటికి వాళ్ల కుటుంబం ఆ ఊళ్లోనే ఉండేది. నిలువెత్తు మనిషి, మెడ నిండా పసుపుతాడు, గొంతు వీధి చివరికి వినపడేది. పాత ఖాతాదారు. ఏ కార్జమైనా కుక్కర్లో పెడితే ఒకటేగా, ఇంత ముక్క ఇయ్యడానికి ఏడుపెందుకు అని అడుగుతున్నారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. అది పెద్దసారు మాట. ఆయనకి దొంగబుద్ధితో తోచింది, ఈవిడకి వంటింటి అనుభవంతో తోచింది, ఇద్దరూ ఒకే చోటికి వచ్చి నిలబడ్డారు.

ఆవిడ వెళ్లాక ఖాజా గారు కత్తి తుడుచుకుంటూ మెల్లగా చెప్పారు. "డాక్టరు గారూ, మీ మాట మీద పారేస్తున్నా. నేను పారేసేది జనానికి కనపడదండీ. నేను పిసినారినని మాత్రం కనపడుద్ది. రంజాన్ దాకా చూస్తా. అప్పటికీ ఇట్టాగే ఉంటే నేనూ అందరిలాగే అమ్ముతా, లేకపోతే కొట్టు మూసుకుంటా. అంతకన్నా దారి లేదు."

ఆయన మాట తప్పే మనిషి కాదు. మూస్తానంటే మూస్తారు. నా మాట విన్న ఒక్క మనిషి నా మాట వినడం వల్లే రోడ్డున పడబోతున్నాడు. ఆ రాత్రి ఎవరిని తిట్టుకోవాలో తెలియక అందరినీ తిట్టుకున్నాను.

కొట్టు ముందు పొయ్యి

మరుసటి ఆదివారం కిరసనాయిలు స్టవ్వు, ఇనప మూకుడు, గరిటె, ఉల్లిపాయలు సంచిలో పెట్టుకుని ఖాజా గారి కొట్టు ముందు దిగాను. సర్కారు డాక్టరు బజార్లో పొయ్యి వెలిగిస్తుంటే జనం పోగవకుండా ఉంటారా? అనసూయమ్మ గారి ఇంటికి కబురు పెట్టాను, ఆవిడ వండే పద్ధతిలో వండిన కార్జం గిన్నెలో తెమ్మని. పౌరుషం గల మనిషి, తెచ్చారు.

ముందు ఒక పాడైన కార్జాన్ని బల్ల మీద పెట్టి నిలువునా కోశాను. తెల్లటి గొట్టాలు బయటపడ్డాయి. ఒకదాన్ని నొక్కితే జలగ జారి బల్ల మీద పడింది. ముందు వరసలో ఉన్నవాళ్లు వెనక్కి తగ్గారు. దాన్ని తీసి బకెట్లో వేసి, బల్ల కడిగి, మంచి కార్జం తీసుకుని అందరినీ నొక్కి చూడమన్నాను. ఆ తర్వాత వండాను. ఆ వంట ఇక్కడ రాస్తున్నాను, హారిక వాళ్లమ్మ కూడా చదువుతుందని ఆశ.

మేక కార్జం గానీ గొర్రె కార్జం గానీ, మీద పలచటి పొర ఉంటుంది. గోటితో అంచు లేపి లాగితే మొత్తం వచ్చేస్తుంది. అది తియ్యకపోతే వేడికి ముడుచుకుని ముక్కని బిగదీస్తుంది. లోపల గొట్టాలు కనపడ్డవి తీసెయ్యండి. వేలి మందాన, అన్నీ ఒకే సైజులో కొయ్యండి. చిన్నా పెద్దా కలిపి కొడితే చిన్నవి ఎండిపోయేసరికి పెద్దవి ఇంకా ఉడుకుతుంటాయి. ఒకసారి కడగండి. నీచు అని గొడవ చేసేవాళ్లు కాసేపు పాలల్లో గానీ పలచటి మజ్జిగలో గానీ నానేసి తియ్యండి, నీచు అందులో దిగిపోతుంది. నీచు పోవాలని గంటసేపు ఉడకబెట్టకండి. నీచు ఉడకబెడితే పోదు, ఎక్కువవుతుంది. ఆ ఆరు విజిల్స్ కుక్కర్ మూత తీసినప్పుడు వచ్చే వాసనే దానికి సాక్ష్యం. తీసిన ముక్కలని గుడ్డతో తడి లేకుండా ఒత్తండి. తడి ముక్క మూకుట్లో వేగదు, ఉడుకుతుంది.

అసలు కిటుకు ఇది. మసాలా అంతా ముందు పూర్తి చేసుకోవాలి. ఉల్లిపాయలు ఎర్రగా వేగాలి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోవాలి, కారం, ధనియాల పొడి, కరివేపాకు అన్నీ పడిపోవాలి. దాన్ని ఒక పక్కకి తీసుకోవాలి. ఆ తర్వాత మూకుడు బాగా వేడెక్కనిచ్చి, నూనె వేసి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరవాలి. మూత పెట్టకూడదు. కదపకూడదు. మన ఆడవాళ్ల చేతికి గరిటె ఉంటే ఊరికే ఉండదు, కలుపుతూనే ఉంటారు, కలిపేకొద్దీ నీరు దిగుతుంది. ఒక పక్క రంగు తిరిగాక తిప్పాలి. రెండో పక్కా తిరిగాక మసాలా వెయ్యాలి, ఉప్పు అప్పుడే, మిరియాల పొడి అప్పుడే. ముక్కని గరిటెతో తుంచితే లోపల నెత్తురు కారకూడదు, రసం మాత్రం ఉండాలి. దింపెయ్యాలి. వేడికి మూకుట్లో ఇంకాస్త ఉడుకుతుంది, కాబట్టి మీకు ఇంకొంచెం ఉంచాలనిపించినప్పుడే దింపాలి. మొత్తం పని కాఫీ పెట్టినంత సేపే. కోడి కార్జమైతే మాత్రం లోపల ఎరుపన్నది లేకుండా ఉడకాలి, అందులో మొహమాటం లేదు. దాన్ని కూడా రబ్బరు చెయ్యక్కర్లేదు.

మాంసం కూరలో కార్జం పడాలంటే, కూర దింపే ముందు వెయ్యండి. మొదట్లో వెయ్యకండి. ఇదొక్కటి వింటే చాలు, మిగతాది వినకపోయినా మిమ్మల్ని ఏమీ అనను.

మూకుడు దింపి ఆకుల్లో పెట్టి అందరికీ ఇచ్చాను. అనసూయమ్మ గారు ముక్క నోట్లో వేసుకుని నమిలారు.  తన గిన్నెలోంచి ఒక ముక్క తీసుకుని తిన్నారు. మళ్లీ నాది తిన్నారు. ఆ తర్వాత గిన్నె మూత పెట్టేసి, నేను ఇన్నేళ్లుగా మా ఇంట్లోవాళ్లందరికీ ఇది పెట్టానా అన్నారు. ఎవరితోనూ కాదు, తనలో తనే అనుకున్నట్టుగా.

తర్వాతి వారం ఆవిడ ఎదురు కొట్లో పిడికెడు కొసరు కార్జం తీసుకెళ్లి నేను చెప్పినట్టే వండారు. కుక్కర్లో దాక్కునే దారి లేదు కదా, గొట్టాలన్నీ పంటి కింద సాగాయి. ఆ వేపుడుని మూకుడుతో సహా పట్టుకొచ్చి ఆ కొట్టు బల్ల మీద బోర్లించి వెళ్లారు. ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే వేలు పెట్టి నొక్కి చూడటం మొదలుపెట్టారు. ఖాజా గారి బల్ల ముందు మళ్లీ జనం నిలబడ్డారు. రంజాన్ వచ్చింది, వెళ్లింది. కొట్టు మూతపడలేదు.

ముద్ర ఉంది కదమ్మా

ఎదురు కొట్టువాడు ఊరుకోలేదు. సర్కారు డాక్టరు ప్రైవేటు కొట్టు ముందు వంటలు చేస్తున్నాడని పెద్దసారు చెవిన వేశాడు. ఒక ఆదివారం పెద్దసారు స్వయంగా ఖాజా గారి కొట్టుకి వచ్చాడు. నన్ను పక్కకి పిలిచి, బుద్ధి ఉందా, డాక్టరువా వంటవాడివా అని మొదలుపెట్టాడు. ఆ వారమంతా నన్ను వేరే ఊరు క్యాంపుకి పంపారు, అప్పుడే తిరిగొచ్చాను. ఆ ఉదయం కబేళాలో ముద్ర వేయించింది ఆయనే. ఖాజా గారు అప్పుడే తెచ్చిన పొట్టేళ్లని కొక్కేలకి తగిలిస్తున్నారు, ఇంకా ఏ కార్జాన్నీ కోసి చూడలేదు.

అనసూయమ్మ గారు వచ్చారు. రమేష్ స్కూటర్ మీద దింపాడు, తను బండి దిగలేదు. ఆవిడ వేలాడుతున్న కార్జాన్ని బొటనవేలితో నొక్కారు. ఇంకోచోట నొక్కారు. ఇది వద్దు ఖాజా, ఇంకోటి చూడు అన్నారు.

పెద్దసారు నన్ను తిట్టడం ఆపి అటు తిరిగాడు. పది మంది ముందు తన ముద్రని కాదంటే ఆయనకి అవమానం కదా. "ముద్ర ఉంది కదమ్మా. నేనే వేయించాను," అన్నాడు.

"ముద్ర తొడ మీద ఉందండీ. నేను కొనేది కార్జం."

తింటే ఏమీ కాదమ్మా, బాగా ఉడికిస్తే అన్నీ ఒకటే అన్నాడాయన. నాతో అన్న అదే మాట, అదే నవ్వు.

అనసూయమ్మ గారు చెయ్యి కొంగుతో తుడుచుకున్నారు. "అయితే మీ ఇంటికి పట్టుకెళ్లండి. ఖాజా, ఈ కార్జం సారుకి కట్టియ్యి. మనందరికీ పనికొచ్చేది ఆయనకీ పనికొస్తది."

ఖాజా గారు కార్జం దింపి ఆకులో చుట్టి రెండు చేతులతో పెద్దసారు ముందు పెట్టారు. ఎవరూ నవ్వలేదు. పెద్దసారు ఆ పొట్లం వంక చూసి, చెయ్యి చాపకుండా చెప్పాడు. "మా ఇంట్లో కార్జం తినరు."

తర్వాత ఖాజా గారు నాతో ఒక సంగతి చెప్పారు. పెద్దసారు ఇంటి నుంచి ప్రతి ఆదివారం మాంసానికి మనిషి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ కార్జం మాత్రం వెయ్యొద్దని చెప్పి తీసుకెళ్తాడు. ఎన్నో ఏళ్లుగా అంతే. అంటే ఆయనకి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ఊరంతటికీ ఒకటే అని చెప్పి, తన ఇంటికి మాత్రం వద్దన్నాడు. 

ఖాజా గారు పోయారు. అనసూయమ్మ గారు పోయారు. ఆ కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. రమేష్ ఇంటికి కార్జం ఫోన్లో నొక్కితే ప్యాకెట్లో వచ్చింది. ముద్ర తొడ మీది నుంచి ప్యాకెట్ మీదికి మారింది, అంతే తేడా. అట్ట మీద రంగుల బొమ్మ చూసి కొంటున్నారు, ఆరు విజిల్స్ వేయిస్తున్నారు. పెద్దసారు మాట ఎప్పటికీ చెల్లుబాటయ్యేలా మనమే చూసుకుంటున్నాం. ఆ రోజు భోజనం దగ్గర నాకు కోపం వచ్చింది ఇందుకు. క్షమాపణ చెప్పమని మా ఆవిడ రోజూ పోరుతోంది. చెప్పను.

హారికా, నువ్వు అడిగినదానికి సమాధానం మీ నాయనమ్మ ఎప్పుడో చెప్పింది. మీ నాన్న ఆ రోజు స్కూటర్ దిగి ఉంటే వినేవాడు, నీకు నేను చెప్పాల్సిన పని ఉండేది కాదు. కబేళాకి వెళ్లిన ప్రతిరోజూ, నువ్వు ముద్ర వేయించిన పొట్టేలు కార్జం ఒకటి మీ ఇంటికి పట్టుకెళ్లు. నేను చెప్పినట్టు వండి మీ నాన్న కంచంలో పెట్టు. పెట్టడానికి చెయ్యి రాలేదా, మర్నాడు వెళ్లి ముద్ర వెయ్యకు.